మునసబు రిపోర్టుతో మొదలయ్యే పోలీసు నవల

1967లో నెల్లూరు జిల్లా ఉదయగిరి తాలూకాలో ఒక మెట్ట పల్లె అనుకుందాం. తెల్లవారుజామున మోట తోలడానికి పోయిన రైతుకు బావిలో శవం కనిపించింది. అతను పోలీసు స్టేషనుకు పోడు, గ్రామ మునసబు ఇంటి అరుగు దగ్గరికి పరుగెత్తుతాడు. మునసబు ఊరి నౌకరైన తలారిని వెంటబెట్టుకుని బావి దాకా వచ్చి చూసి, ఇంటికి తిరిగిపోయి స్నానం చేసి రిపోర్టు రాస్తాడు. ఆ కాగితం మడిచి తలారి చేతికి ఇస్తాడు. స్టేషను పది మైళ్లు. తలారికి ఉన్నవి రెండు కాళ్లు, చేతిలో ఒక కర్ర. ఎస్.ఐ. ఆ కాగితం విప్పి చదివి, గంట చూసి జనరల్ డైరీలో రాసుకుని బయలుదేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. అప్పటికి సగం ఊరు బావి గట్టు తొక్కేసి ఉంటుంది. హంతకుడి కాలిగుర్తు ఏదన్నా ఉంటే దాని మీద యాభై జతల కాళ్లు పడి ఉంటాయి.

ఆ ఊళ్లో జరిగే పోలీసు నవలకు మొదటి ప్రశ్న ఇక్కడే పుడుతుంది. శవాన్ని చూసింది ఏ వేళకు, రిపోర్టు రాసింది ఏ వేళకు, అది స్టేషనుకు చేరింది ఏ వేళకు? మునసబు స్నానానికి అంతసేపు ఎందుకు పట్టింది? ఆ మధ్యలో ఆయన అరుగు మీదికి ఎవరు వచ్చి కూర్చున్నారు? గ్రామాధికారి ఇలాంటి మరణాల సంగతి వెంటనే తెలియజేయాలని 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 45వ సెక్షను చెప్పింది. ‘వెంటనే’ అన్న మాటకూ తలారి నడకకూ మధ్య కొన్ని గంటలుంటాయి. కేసు బతకడమైనా చావడమైనా ఆ గంటల్లోనే. రిపోర్టు ఆలస్యమైన కొద్దీ కథ అల్లుకోవడానికి వీలు దొరుకుతుందని సుప్రీంకోర్టు 1972లో తులియా కాళి కేసులో హెచ్చరించింది. ఆ తీర్పు తమిళనాడు కేసులో వచ్చినా, డిఫెన్సు వకీళ్లు దాన్ని దేశమంతా వాడుకున్నారు.

పాత దశాబ్దంలో సాగే పోలీసు నవలల వరస ఇప్పుడు చాలా భాషల్లో కనిపిస్తోంది. వాటిని చదివేవాళ్లలో చాలామంది వాటి బలం పాతకాలపు వాసనలో ఉందనుకుంటారు. అంబాసిడర్ కారు, రేడియోలో పాట, గోడ మీద సినిమా పోస్టరు పెడితే కాలం వచ్చేసినట్టే అనుకుని రాసేవాళ్లూ ఉన్నారు. అవి పెట్టొచ్చు, పెడితే తప్పులేదు. కానీ వాటిని తీసేసినా కథ మారకపోతే అవి గోడకు కొట్టిన సున్నంతో సమానం. తలారి నడకను తీసేస్తే మాత్రం పై కథ కూలిపోతుంది. పాతకాలపు పోలీసు నవలను నిలబెట్టేవి ఆనాటి దూరమూ, ఆనాటి చట్టమూ, ఆనాటి కాగితమూ.

ఈ సంగతి బాగా పట్టుకున్నవాళ్లలో ఏడ్రియన్ మెక్‌కింటీ ఒకరు. 2012లో మొదలైన ఆయన వరసలో షాన్ డఫీ ఉత్తర ఐర్లండు పోలీసు. కాలం 1980ల మొదటి రోజులు. ఎక్కువమంది ప్రొటెస్టంట్లే ఉన్న పోలీసు బలగంలో అతనొక కేథలిక్కు. కారెక్కే ముందు నేల మీదికి వంగి, కారు కింద బాంబు ఉందేమో చూసుకుంటాడు. పాలు తేవడానికి పోతున్నా అంతే. రచయిత చరిత్ర పాఠం చెప్పనక్కర్లేదు, ఆ వంగడంలోనే చరిత్ర అంతా ఉంది. అబీర్ ముఖర్జీ 2016లో మొదలుపెట్టిన వరసకు 1919 నాటి కలకత్తా రంగస్థలం. అందులో ఇంగ్లీషు అధికారి దగ్గర పనిచేసే బెంగాలీ సార్జెంటు పేరు సురేంద్రనాథ్. తెల్లవాళ్లకు నోరు తిరగక అతన్ని ‘సరెండర్-నాట్’ అంటారు. ఆ పిలుపు వినపడిన ప్రతిసారీ ఎవరి రాజ్యమో గుర్తొస్తుంది.

తెలుగులో డిటెక్టివ్ నవలకు కొదవ లేదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, అసిస్టెంట్ రాజు రెండు మూడు తరాల పాఠకులకు ఇంటి మనుషులు. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ నవలలు అట్టలు ఊడేదాకా తిరిగాయి. కానీ అవి ప్రైవేటు డిటెక్టివ్ కథలు. పోలీసు ఇన్‌స్పెక్టరు అందులో సాయం అడగడానికి వచ్చేవాడో, చివర్లో బేడీలు వేసేవాడో. తెలివి డిటెక్టివ్‌ది, అధికారం పోలీసుది. ఆ పంపకంలో హాయి ఉంది, కాదనలేం. దానివల్ల ఒక నష్టమూ జరిగింది. స్టేషనులో రాతపని చూసే రైటరు ఏం రాస్తాడు, కేసు డైరీలో ఏముంటుంది, సాక్షులుగా నిలబెట్టే పంచుల చేత సంతకాలు ఎప్పుడు పెట్టిస్తారు అన్నవి మన నవలకు దాదాపు పరిచయం కాకుండా పోయాయి.

ప్రైవేటు డిటెక్టివ్ కథ చివర్లో అందర్నీ ఒక హాల్లో కూర్చోబెడతారు. డిటెక్టివ్ ఒక్కొక్క ముడీ విప్పుతాడు, హంతకుడు తట్టుకోలేక ఒప్పేసుకుంటాడు, ఇన్‌స్పెక్టరు అరెస్టు చేస్తాడు. పాఠకుడికి అక్కడితో కథ అయిపోయింది. మన చట్టంలో మాత్రం ఇన్‌స్పెక్టరు దగ్గర చేసిన ఆ ఒప్పుకోలుకు విలువ లేదు. పోలీసు అధికారితో చేసిన ఒప్పుకోలును ముద్దాయి మీద రుజువుగా వాడకూడదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షను చెప్పింది. దానికి ఒక సన్నటి మినహాయింపు 27వ సెక్షను: ముద్దాయి చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకే ఆ మాట చెల్లుతుంది. ఈ గీతను స్పష్టంగా గీసిన తీర్పు మన పక్క జిల్లా నుంచే పోయింది. గుంటూరు సెషన్సు కోర్టు నుంచి అప్పటి ఆఖరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లిన పులుకూరి కోటయ్య కేసు అది, 1946 డిసెంబరులో తేలింది. ఇంటి కప్పులో దాచిన కత్తి తీసిస్తానని ముద్దాయి చెప్పి, ఆ కత్తి దొరికితే అంతవరకూ సాక్ష్యం. ‘ఆ కత్తితోనే నేను పొడిచాను’ అన్నది సాక్ష్యం కాదు.

కప్పు చూరులో నుంచి తీసిన కత్తి, దాన్ని చూస్తూ నిలబడ్డ ఇద్దరు పంచులు, రైటరు మోకాలి మీద పెట్టుకుని రాస్తున్న పంచనామా. పోలీసు నవలకు అసలైన పతాక సన్నివేశం ఇది. హంతకుడెవరో ఎస్.ఐ.కి మూడో అధ్యాయంలోనే తెలిసిపోవచ్చు, పాఠకుడికీ తెలిసిపోవచ్చు. తెలిసినదాన్ని కోర్టు ఒప్పుకునే రూపంలోకి తేవడానికి మిగతా ఇరవై అధ్యాయాలూ పడతాయి. ఆ పంచుల్లో ఒకడు ముద్దాయికి బాకీ ఉన్నవాడైతే? సంతకం పెట్టింది చూరు దగ్గర కాదు, స్టేషను బల్ల దగ్గరని రేపు కోర్టులో చెప్తే?

ఇలాంటి వరసకు నెల్లూరు, ప్రకాశం సీమ ఎందుకు బాగా కుదురుతుందంటే, ఇక్కడ ముప్పై ఏళ్లలో పోలీసువాడి కాళ్ల కింద నేలే మూడు నాలుగుసార్లు కదిలింది. 1952లో నెల్లూరు సెషన్సు కోర్టు ఉరిశిక్ష వేస్తే, దాన్ని ఖాయం చేయాల్సింది మద్రాసు హైకోర్టు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1954 జులైలో గుంటూరులో హైకోర్టు పెట్టారు. అప్పుడు ఫైలు ఉత్తరానికి తిరిగింది. 1956 నవంబరులో హైకోర్టు హైదరాబాదుకు పోయింది. ఆరేళ్ల లోపు మూడు ఊళ్లు. అప్పీలు నడిపే వకీలు మారతాడు, ముద్దాయి పెళ్లాం ఎక్కాల్సిన రైలు మారుతుంది, చార్జీల కోసం తాకట్టు పెట్టే నగ మారుతుంది. చరిత్ర పుస్తకంలో రెండు వాక్యాలతో అయిపోయే ఈ మార్పు నవలలో ఒక కుటుంబాన్ని దివాలా తీయించగలదు.

జిల్లా సరిహద్దులదీ అదే కథ. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు 1970 ఫిబ్రవరి 2 దాకా నెల్లూరు జిల్లాలోవి. ఆ రోజున ఒంగోలు జిల్లా పుట్టింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 1969లో కందుకూరు దగ్గర జరిగిన హత్య 1971లో మళ్లీ పైకి తేలిందనుకుంటే, పాత ఫైలు ఒక ఎస్.పి. ఆఫీసులో ఉంటుంది, కేసు ఇంకొక ఎస్.పి. కింద ఉంటుంది. ఆ ఫైలు కోసం బస్సెక్కి నెల్లూరుకు పోయే హెడ్ కానిస్టేబులు ఒక్కడు చాలు, ఒక నవల నడవడానికి. 2022లో కందుకూరు మళ్లీ నెల్లూరు వైపే వచ్చింది.

చట్టంలో వచ్చిన పెద్ద మలుపు 1974 ఏప్రిల్ 1. ఆ రోజు నుంచి 1973 నాటి కొత్త ప్రొసీజర్ కోడ్ అమల్లోకి వచ్చింది. అంతకుముందు హత్య కేసులో మేజిస్ట్రేటు ముందొకసారి విచారణ జరిపి, సరిపడా సాక్ష్యం ఉందనుకుంటే సెషన్సుకు పంపేవాడు. కళ్లారా చూసిన సాక్షి ఒకే సంగతి రెండు కోర్టుల్లో రెండుసార్లు చెప్పాలి. ఆ రెండింటి మధ్య నెలలు గడుస్తాయి. సాక్షిని తిప్పుకోవాలనుకునే పెద్దమనిషికి అదే అదను. అతని కొడుక్కి ఉద్యోగం వేయించొచ్చు, లేదా అతని చేనుకు నీళ్లు ఆపొచ్చు. కొత్త కోడ్ ఆ మొదటి మెట్టును దాదాపు తీసేసింది. ముందస్తు బెయిలు అన్నది 438వ సెక్షనుగా చట్టంలోకి వచ్చింది కూడా అప్పుడే. 1970లో జరిగే నవలలో పెద్దింటి కుర్రాడు ముందస్తు బెయిలు తెచ్చుకున్నాడని రాస్తే తెలిసిన పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. 1975లో మాత్రం అదే పెద్దింటికి అదొక కొత్త ఆయుధం. దర్యాప్తు 60 రోజుల్లో తేలకపోతే ముద్దాయికి బెయిలు హక్కు పుట్టడమూ కొత్త కోడ్‌తోనే వచ్చింది. హత్య లాంటి కేసుల్లో దాన్ని 1978లో 90 రోజులు చేశారు. పాత పద్ధతిలో చేయి తిరిగిన ఎస్.ఐ.కి ఆ రోజుల లెక్క మొదటిసారి గొంతు మీద కూర్చుంటుంది. ఒకే మనిషి, ఒకే స్టేషను, ఏప్రిల్ 1కి ముందొక నవల, తర్వాతొక నవల. ఇంతకన్నా మంచి జంట కథ దొరకదు.

ఇక అన్నిటికన్నా బరువైన విషయం, ఈ సీమలో పోలీసు కథ రాసేవాళ్లు తప్పించుకోకూడనిది, అనుమానితుల జాబితా.

నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టింది, 1911లో వచ్చిన రూపంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ పాకింది. పుట్టుకతోనే మనిషిని నేరస్థుడని రిజిస్టరులో రాసే చట్టం అది. పేరెక్కినవాళ్లు ఊరు దాటాలంటే అనుమతి కావాలి, పిలిచినప్పుడు హాజరు పలకాలి. కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను చేతి కింద ఎరుకల కుటుంబాలను నిఘాలో ఉంచే సెటిల్‌మెంటు నడిచింది. మద్రాసు ప్రభుత్వం 1947లో ఈ చట్టాన్ని ఎత్తేసింది, దేశమంతటా అది 1952 ఆగస్టు 31న పోయింది. పుస్తకంలో చట్టం పోయింది. స్టేషను గోడల మధ్య మాత్రం అలవాటు పోలేదు. అలవాటు నేరస్థుల చట్టం పేరుతో, హిస్టరీ షీట్ల పేరుతో అవే కుటుంబాల పేర్లు కొత్త రిజిస్టర్లలోకి ఎక్కాయి. ఊళ్లో దొంగతనమైతే రాత్రికి జీపు ఎటు పోతుందో అందరికీ తెలుసు.

యానాదుల పరిస్థితి ఇంకా విచిత్రం. నెల్లూరు సీమలో చేల కాపలాకు, తోటల కాపలాకు యానాదులను పెట్టుకోవడం పాత అలవాటు. రాత్రంతా మేలుకుని ఉండేది అతనే. ఏ గట్టు మీద ఎవరి అడుగు పడిందో, ఏ కాలవలో నీళ్లు ఎప్పుడు కలకబారాయో అతనికి తెలుసు. హత్య జరిగితే ఊరి మొత్తంలో మంచి సాక్షి అతను. పోలీసులు ముందు పట్టుకొచ్చేదీ అతన్నే. ‘ఆ వేళప్పుడు నువ్వక్కడ ఎందుకున్నావురా’ అన్న ప్రశ్నతో సాక్షి ముద్దాయి అయిపోతాడు. ఆ ఒక్క ప్రశ్నతో కేసు తప్పుదారి పడుతుంది, అసలు హంతకుడు మునసబు అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతాడు. ఈ సంగతిని పక్కన పెట్టి 1950ల, 60ల నెల్లూరు స్టేషనును మంచివాళ్ల కొలువుగా చూపిస్తే అది అబద్ధమవుతుంది. కథానాయకుడైన ఎస్.ఐ. ఈ అలవాటుకు అతీతుడని రాసినా నమ్మశక్యంగా ఉండదు. అతనూ ఆ గోడల మధ్యే పని నేర్చుకున్నవాడు. తన తప్పు తనకు తెలిసిరావడానికి రెండు నవలలు పట్టినా ఫరవాలేదు. వరస రాయడంలో ఉన్న సౌకర్యమే అది.

సాక్షి మాట కాగితం మీదికి ఎలా వస్తుందన్నది దీనికి ఆనుకుని ఉన్న విషయం. ఆ కాపలా మనిషిని అడిగితే, ‘పొద్దు గూకినాక ఆయప్ప ఏటి ఒడ్డుకు పొయ్యేది చూసినా సామీ’ అంటాడు. రైటరు రాసేది వేరు: ‘సాయంత్రం సుమారు 6.30 గంటలకు ముద్దాయి పెన్నానది వైపు వెళ్లుచుండగా చూసితిని.’ పొద్దు గూకడం అన్నది ఒక అరగంట, ముప్పావుగంట వెడల్పున్న కాలం. 6.30 అన్నది ఒక చుక్క. కోర్టులో వకీలు ఆ చుక్కను పట్టుకుని, ‘నీ దగ్గర గడియారం ఉందా’ అని అడుగుతాడు. లేదంటాడు. ‘మరి ఆరున్నర అని ఎట్లా చెప్పావు?’ తను చెప్పలేదని అతనికి తెలుసు, కాగితంలో మాత్రం ఉంది. నిజం చెప్పిన మనిషి కోర్టులో అబద్ధీకుడవుతాడు. అధికార భాషగా తెలుగుకు చట్టం వచ్చింది 1966లో. అంతకు ముందూ, ఆ తర్వాత చాలాకాలమూ ఆ మాట ఇంగ్లీషులోకి కూడా ఒక మెట్టు ఎక్కేది. తిరిగి తెలుగులో చదివి వినిపించేసరికి చెప్పినవాడే గుర్తుపట్టలేడు.

ఆ కాలంలో మనుషులు వేళను చెప్పే పద్ధతులు ఎన్ని ఉన్నాయో! కోడి కూసే వేళ, పశువులు ఇంటికొచ్చే వేళ, సినిమా రెండో ఆట వదిలిన వేళ. రైలు కట్ట పక్క ఊళ్లలో మెయిలు పోయిన వేళ. బిట్రగుంటలో ఆవిరి ఇంజన్ల షెడ్డు, పెద్ద రైల్వే కాలనీ ఉండేవి. ఆ కూతలతోనే చుట్టుపక్కల పల్లెలకు పొద్దు గడిచేది. ‘మెయిలు పోయినాక కేక వినపడింది’ అన్న సాక్ష్యాన్ని తేల్చాలంటే ఎస్.ఐ. స్టేషను మాస్టరు రిజిస్టరు చూడాలి. ఆ రాత్రి మెయిలు రెండు గంటలు లేటయితే ముద్దాయి తప్పించుకున్న దారి మూసుకుపోతుంది. రైలు మన నేర చరిత్రలోకి చాలా ముందే వచ్చింది. 1937 మార్చిలో పూరీ స్టేషనులో ఆగిన రైలు మూడో తరగతి పెట్టెలో ఒక ట్రంకు దొరికింది. అందులో పిఠాపురం దివాను దగ్గర పనిచేసిన ఒక బంట్రోతు శవం, ముక్కలుగా. బాకీ వసూలుకు బరంపురం పోతున్నానని అతను ఇంట్లో భార్యకు చెప్పి బయలుదేరాడు. ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుందని ప్రీవీ కౌన్సిల్ 1939లో పాకాల నారాయణస్వామి కేసులో తేల్చింది. గుమ్మంలో నిలబడి భార్యతో అన్న ఒక్క మాట లండన్ దాకా పోయింది.

ప్రకాశం వైపు వస్తే పొగాకు. మట్టిగోడల బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టులో, ఆకు కట్టలు వేలాడదీసి కింద గొట్టాలతో వేడి పెడతారు. చివరి దశలో ఈనె ఎండడానికి వేడి 160 డిగ్రీల ఫారెన్‌హీటు దాకా పోతుంది. క్యూరింగు ఐదారు రోజులు నడుస్తుంది, రాత్రీ పగలూ మంట చూసుకునే మనిషి ఉండాలి. అలాంటి బ్యారన్‌లో శవం దొరికితే తాలూకా ఆసుపత్రి డాక్టరు మరణించిన వేళను ఏమని రాస్తాడు? ఒళ్లు బిగుసుకోవడం, కుళ్లడం, అన్ని లెక్కలూ ఆ వేడిలో తప్పిపోతాయి. ఆ లెక్క తెలిసినవాడే హంతకుడైతే అతను రైతో, మంట మనిషో, కొనుగోలు కంపెనీ గుమాస్తానో అయి ఉండాలి. కారణమూ అక్కడే దొరుకుతుంది. పొగాకు బోర్డు 1976లో వచ్చింది, ఆంధ్రలో బోర్డు వేలాలు 1985లో మొదలయ్యాయి. అంతకుముందు రైతు సరుకు వ్యాపారి చెప్పిన గ్రేడుకు, చెప్పిన ధరకు, చెప్పిన గడువుకు పోయేది. చీటీ మీద రాసిచ్చిన డబ్బు ఏడాదైనా చేతికి రాని రైతు ఒంగోలు, కందుకూరు పక్క ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు.

సైన్సు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. వేలిముద్రలు ఉన్నాయి. రక్తం అంటిన మట్టినీ మామూలు మట్టినీ విడివిడిగా కట్టి సీలు వేసి పంపేవాళ్లు. అది మనిషి రక్తమేనా అని తేల్చే పరీక్ష కలకత్తాలోని సీరాలజిస్టు దగ్గర జరిగిన రోజులున్నాయి. డీఎన్ఏ ముద్రలను ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ కనిపెట్టింది 1984లో.

రాసేవాళ్లు జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి. 1985కు ముందు మండలం అనకూడదు, తాలూకా, ఫిర్కా అనాలి. 1957 ఏప్రిల్‌కు ముందు కానిస్టేబులు టీకి అణాలు ఇస్తాడు, నయా పైసలు ఇవ్వడు. ఇవి సరిచూసుకోవడం తేలిక. కష్టమైనది మనుషుల నడవడి. ఎస్.ఐ. మునసబును ‘రెడ్డిగారూ’ అని పిలిచి అరుగు మీద పక్కన కూర్చుంటాడు, తలారిని ‘ఒరే’ అని నిలబెట్టి అడుగుతాడు. ఈ రెండు పిలుపుల మధ్య ఎవరి మాట నమ్ముతాడో దర్యాప్తు మొదలు కాకముందే తేలిపోతుంది. పాత లా జర్నళ్లలో అచ్చయిన తీర్పులు, నెల్లూరు నుంచి దశాబ్దాలుగా వస్తున్న జమీన్ రైతు వారపత్రిక పాత సంచికలు ఈ నడవడిని పట్టిస్తాయి. తీర్పులో జడ్జి విసుక్కున్న ఒక్క వాక్యం పది పేజీల పరిశోధనకు సమానం.

వరసకు వెన్నెముక ఏదంటే, బదిలీ. ప్రైవేటు డిటెక్టివ్‌కు ఒక ఊళ్లో ఒక ఆఫీసు, కేసులు అతన్ని వెతుక్కుంటూ వస్తాయి. ఎస్.ఐ.ని మూడేళ్లకోసారి ప్రభుత్వమే లేపి ఇంకోచోట కూర్చోబెడుతుంది. ఉదయగిరి కొండల కింద ఒక నవల, గూడూరు సైదాపురం అభ్రకం గనుల్లో ఒకటి, పడవ మీద తప్ప పోలేని పులికాటు ఇరకం దీవిలో ఒకటి, సి.ఐ. అయ్యాక కందుకూరులో ఒకటి. కొత్త స్టేషనుకు పోయిన మొదటి వారం అతనికి ఎవరూ తెలియరు. స్టేషను రైటరుకు అందరూ తెలుసు. ఆ రైటరు చెప్పే ఊరుకూ నిజంగా ఉన్న ఊరుకూ తేడా కనిపెట్టేసరికి మళ్లీ బదిలీ ఆర్డరు వస్తుంది. కొన్ని కేసులు తేలకుండానే వెనక్కి మిగిలిపోతాయి. ఆ మిగిలిపోయిన కేసు ఒకటి పదేళ్ల తర్వాత ఇంకో హోదాలో అతన్ని పట్టుకోవాలి.

చివరి నవలకు కాలం 1984 జనవరి అయితే బాగుంటుంది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ నెలలో మునసబు, కరణం పదవులను రద్దు చేసింది. తరతరాలుగా కొన్ని ఇళ్లను అంటిపెట్టుకున్న అధికారం ఒక్క ఆర్డినెన్సుతో పోయింది. సరిగ్గా ఆ వారంలో ఉదయగిరి పక్క అదే మెట్ట పల్లెలో మళ్లీ ఒక బావిలో శవం తేలిందనుకుందాం. చూసిన రైతు అలవాటు కొద్దీ పాత అరుగు దగ్గరికే పరుగెత్తుతాడు. ముసలి మునసబు లేచి కళ్లజోడు పెట్టుకుంటాడు, పెన్ను తీస్తాడు. కాగితం మీద తేదీ వేసి, కింద తన హోదా రాయాల్సిన చోట పెన్ను ఆగిపోతుంది. తలారి కర్ర పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి ఉంటాడు, బయలుదేరాలో వద్దో తెలియక.